ఆదోని కారుకు వేసిన రబ్బరు

ఎమ్మిగనూరులో మగ్గం నేసే నా చిన్ననాటి స్నేహితుడు నారాయణకు చేతులు వణికే జబ్బు. మాత్రలతో కాస్త కుదుటపడి మళ్లీ నేతకు కూర్చున్నాడు. ఇప్పుడు మాత్రలు మానేశాడని వాళ్లావిడ ఫోన్ చేసింది. ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి ఇంట్లో పాత కారుందట; అందులో కూర్చుంటే మనిషి వణుకు కారు తీసుకుంటుందట! ఒళ్లు మండి, వాడి మాత్రలు కొని సంచిలో వేసుకుని పొద్దున్నే కర్నూలులో బస్సెక్కాను.

ఆ రోజు గురువారం. మీరు వెళ్తే మరో రోజు చూసుకోండి. రాఘవేంద్రస్వామి వారమని మంత్రాలయం వెళ్లే జనంతో బస్సులో నిలబడేందుకూ చోటుండదు. ఎమ్మిగనూరులో ఇడ్లీ తిని, నారాయణతో ఆదోని బస్సెక్కేసరికి పది దాటింది.

"మాత్రలెందుకు మానేశావు?"

"మందు మింగితే కారుకు కోపమొస్తాదంటప్పా. నీకు సెప్తే నగుతావు."

వెనక సీటు ముసలమ్మ అందుకుంది. "నగితే నగనీలే నాయనా. మా కోడల్ని గూడా కూసోబెట్టినాం."

ఆదోనిలో వ్యాపారి ఇంటి ఆవరణలో ఉన్నది ఒకప్పుడు హోదా కోసం కొన్న ఖరీదైన కారు. లోపల కొయ్య చట్రం, పైన రేకు. ఇంజను వేయగానే తలుపులతో సహా ఒళ్లంతా అదిరింది. అమ్మవారు పూనిందని జనం దండం పెట్టారు.

బస్సు బాడీలు కట్టే మస్తాన్‌ను ముందే రమ్మన్నాను. కింద దూరి చూశాడు. "బాడీకీ కింది ఇనప చట్రానికీ నడుమ రబ్బరు పొడైపోయింది సార్. ఇంజను అదురు నేరుగా పైకొస్తాంది."

"కొత్తది వేయించనా?" అని ఇంటాయన్ను అడిగాను.

"ఏయించండి సార్. అమ్మోరి శక్తి రబ్బరు ముక్కకు ఆగుతాదా?"

మధ్యాహ్నానికి పని అయింది. ఇంజను వేశారు. సీటు మీద పెట్టిన గ్లాసులో నీళ్లు తొణకలేదు. "చూశారా!" అని అరిచాను.

ఇంటాయన చెంపలు వేసుకున్నాడు. "అమ్మోరు ఎల్లిపాయె."

నారాయణ వణికే చేతులు నా ముందు చాపాడు. "దాన్ని నిలబెట్టినావు సరే. నా వణుకు ఇంగ యాడికి పోవల్ల?"

"మాత్రలున్నాయి కదరా!"

"నువ్వే మింగప్పా."

నేను గేటు దాటేటప్పటికి మస్తాన్ మళ్లీ జాకీ తిప్పుతున్నాడు. రబ్బరు తీయమని బతిమాలింది ఇంటాయన కాదు, నారాయణ.

సాయంత్రం కర్నూలు బస్సులో ఒక్కణ్నే వచ్చాను. రుజువులో లోపం లేదు. అంతమంది కళ్లారా చూశారు. ఆ మాత్రలు మాత్రం నా సంచిలోనే ఉండిపోయాయి.