మేకలు గెలవని పటం

మా తాండూరు పాత గ్రంథాలయం అరుగు మీద పులి-మేక పటం చెక్కింది నేనే. ఆ రోజుల్లోనే చెప్పాల్సిన మాట ఇది. అప్పుడు నాపరాళ్ల పాలిషింగ్‌లో కొత్తగా పనికి కుదిరాను. చేతిలో ఉలి ఉంటే ఏ బండనూ ఖాళీగా ఉండనివ్వని వయసు. ఒక సెలవురోజు ఎవరూ లేనప్పుడు పటం చెక్కేసి, అందం కోసం రెండు గీతలు ఎక్కువే లాగాను. (పేరు చెక్కలేదు. ఆ మాత్రం తెలివి ఉండేది.)

మర్నాడు లైబ్రరీ సారు నేరుగా ఊళ్లో మేకలు కాసే మేకల మామ మీద పడ్డాడు. చదువురాని మామ రోజూ ఆ అరుగు మీద కూర్చుని, ఎవరైనా పేపరు పైకి చదివితే వినేవాడు. లోకం సంగతులన్నీ ఆయనకు అక్కడే తెలిసేవి.

"మేకలోనివి, నువ్వు గాక ఇంకెవడు గీస్తడు?"

"జర సూడుండ్రి సారూ! గీడ రెండు గీతలు ఎక్కువున్నయి. పులి ఎటన్న జారిపోతది. మేకలు గెలవని పటం నేనెందుకు గీస్త?"

సారుకు ఆట రాదు. ఆట వచ్చిన నేను పక్కనే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. మామ మళ్లీ ఆ అరుగు ఎక్కలేదు.

ఇప్పుడది మ్యూజియం. ఈమధ్య వెళ్తే నా పటం చుట్టూ తాడు కట్టి, 'నిజాం కాలపు సిపాయిల ఆట, అరుదైన రకం' అని బోర్డు పెట్టారు. (కాసేపు గర్వపడ్డాను, అబద్ధమెందుకు?) అక్కడి మేడంకు నిజం చెప్పాను.

"అందరు గట్లనే అంటరు సార్. నిన్న ఒకాయన లోపలి రోకలి వాళ్ల నాయనమ్మదే అన్నడు."

వదల్లేదు. మర్నాడు పాత ఉలి తీసుకెళ్లి గాడిలో పెట్టి చూపించాను. అతికినట్టు కూర్చుంది. బోర్డు మారేదాకా తిరిగి, ఆ తర్వాత ధారూర్ వెళ్లి, ఇప్పుడు అక్కడుంటున్న మామను రైలెక్కించి తెచ్చాను. ముసలాయన అరుగు మీద తన పాత చోటే వెతుక్కుని కూర్చున్నాడు.

"ఏం రాసిండ్రో సదువు."

పైకి చదివాను. "ఈ పటం పాతది కాదు. పాలిషింగ్ పనికి కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు చెక్కాడు. నింద మేకల మామ మీద పడింది. తప్పయింది మామా, మాఫ్ చెయ్యి."

మామ బోర్డు వైపు అనుమానంగా చూశాడు. "ఆఖరిది గూడ రాసిండ్రా?"

"లే మామా. గది నేనంటున్న."