మీటరుకి వేలెడు

కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషీను కొన్నవాళ్ళు మా తణుకులో చాలామందే ఉన్నారు గానీ, దాంతో ఇచ్చే కాగితం చుట్టని వద్దని చెప్పి ఆ మేరకు ధర తగ్గించుకున్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే. ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్ళు. ఎవరు ఏ ధర చెప్పినా అందులో నాలుగో వంతు గాలేనని నా నమ్మకం. (ఆ నమ్మకం ఇప్పటికీ ఉంది. ఆ నాలుగో వంతు ఎక్కడుందో కనిపెట్టడమే ఇంకా రాలేదు.) రాజమండ్రిలో మెషీను అమ్మినాయన "పేపరు లేకుండా ఎలాగండీ? గుడ్డ కింద అదే కదండీ దన్ను" అని మొత్తుకున్నాడు. "మేం గుడ్డల కొట్టోళ్ళమండి. గుడ్డ సంగతి మాకు చెబుతారా?" అన్నాను. ఎనిమిది వందలు తగ్గాయి. ఇంటికొచ్చేదాకా ఆ ఎనిమిది వందల్నీ తలచుకుని నవ్వుకుంటూనే ఉన్నాను.

గుడ్డ సంగతి నాకు తెలుసన్నది అబద్ధం కాదు. అక్షరాలకంటే ముందు మా నాన్న నాకు నేర్పింది మీటరు కర్ర మీద గుడ్డ కొలవడం. బొటనవేలితో అదిమి, కొంచెం లాగి, అప్పుడు కత్తెర పెట్టాలి. అలా లాగితే మీటరుకి వేలెడు మనకి మిగులుతుంది. "లాగినట్టు తెలియకూడదురా, గుడ్డే ముచ్చటపడి సాగినట్టుండాలి" అనేవాడు.

మొదటి పెద్ద పని మా వీధి చివరి టీచరమ్మగారు తెచ్చారు. చర్చి వార్షికోత్సవానికి పాస్టరుగారు నిలబడి మాట్లాడే బల్ల మీద పరిచే గుడ్డ. వాళ్ళమ్మగారు పెళ్ళికి కట్టుకున్న తెల్ల పట్టుచీరలోంచి కత్తిరించినది. నడుమ సిలువ, రెండు మూలల్లో ద్రాక్షగుత్తులు. "ఆదివారం పొద్దున్నకి కావాలి బాబూ. అమ్మ లేదు, ఇంక ఈ చీరా మళ్ళీ దొరకదు" అన్నారు. "మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాను, అడ్వాన్సు జేబులో పెట్టుకుంటూ.

శుక్రవారం మధ్యాహ్నం గుడ్డని ఫ్రేములో బిగించాను. ఫ్రేమంటే మరేం లేదు, ఒకదాంట్లో ఒకటి పట్టే రెండు చట్రాలు. మధ్యలో గుడ్డ ఇరికించి మర తిప్పడమే. తిప్పాక, వంశాచారం ప్రకారం నాలుగు వైపులా లాగాను. వేలితో కొడితే డప్పులా మోగింది. మెషీను మొదటి గుత్తిని చకచకా కుట్టేసింది, చూడముచ్చటగా ఉంది. మర విప్పాను. నేను లాగిన పట్టు తన చోటికి తాను వెళ్ళిపోయింది. దారం మాత్రం రానంది. గుత్తి చుట్టూ గుడ్డంతా నూనెలో పడ్డ అప్పడంలా ముడుచుకుపోయింది. నాన్న కళ్ళజోడు సర్దుకుని చూసి, "ద్రాక్షపళ్ళు వేస్తావనుకున్నాను, కిస్‌మిస్ వేశావేంట్రా?" అన్నాడు.

మెషీను అమ్మినాయనకి ఫోన్ చేస్తే ఆయన నవ్వలేదు, అది ఇంకా బాధగా ఉంది. "కడియం వెళ్ళి కాగితాలక్క అని అడగండి" అన్నాడు. శనివారం తెల్లారేసరికి బండి మీద కడియంలో ఉన్నాను. మొక్కల మధ్య పెంకుటిల్లు, అరుగు మీద మెషీను. నలభై ఏళ్ళావిడ, పెళ్ళికి ముందు నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టేదట. గుడ్డని చేత్తో తడిమి నాకేసి చూసింది.

"లాగేవా, తమ్ముడూ?"

"కొంచెమేనండి."

"కొట్టోళ్ళబ్బాయివా?"

"ఎలా తెలిసిందండీ?"

"సమానంగా లాగేవు. అలవాటున్న చెయ్యి."

ముందుగా ఎంతవుతుందో చెప్పమన్నాను. (ప్రాణం మీదకి వచ్చినా నోరు ఊరుకోదు.) "బేరం తరవాత, ముందు చేతులు కడుక్కురా" అంది.

వెనక వైపునుంచి ఒక్కొక్క కుట్టూ తెంపింది. ఇస్త్రీ ఆవిరి పట్టింది. ముడతలు పోయాయి గానీ సూది చిల్లులు మిగిలాయి. అప్పుడు నేను ఎనిమిది వందలకి వదులుకున్న ఆ కాగితాన్ని ఫ్రేములో బిగించింది, కాగితాన్ని మాత్రమే. దాని మీద సన్నగా జిగురు కొట్టి, పట్టుని పైన పరిచింది. లాగలేదు. అరచేత్తో నడుమ నుంచి అంచులకి నిమిరింది, అంతే. గుడ్డ పోగు ఫ్రేము మీది గీతకి సూటిగా వచ్చేదాకా నాలుగుసార్లు లేపి పరిచింది. పుట్టినప్పటినుంచీ గుడ్డల మధ్య ఉన్నాను, గుడ్డని అలా ముట్టుకోవచ్చని నాకు తెలియదు.

"బిగువంతా కాగితానిది, తమ్ముడూ. గుడ్డ దాని మీద ఊరికే కూర్చోవాలి. అంటు కట్టేటప్పుడూ అంతే. గట్టిగా లాగి కడితే కొమ్మ చచ్చిపోద్ది."

చిల్లుల మీద ఒక పెద్ద ద్రాక్షాకు వేసి, దాని పక్కన గుత్తిని, ఆ తర్వాత రెండో గుత్తినీ సిలువనీ కుట్టింది. సాయంత్రానికి ఫ్రేము విప్పితే పట్టు చెరువునీళ్ళలా నిశ్చలంగా ఉంది. అక్క అడిగినంతా ఇచ్చాను. జీవితంలో అదే మొదటిసారి.

ఆ రాత్రే టీచరమ్మగారికి అప్పగించాను. ఆవిడ గుడ్డని ఒళ్ళో పెట్టుకుని ఆకు అంచుల్ని వేలితో తడిమారు. "ఈ ఆకు నేను చెప్పలేదే! ఎంత బాగుందో. దీనికి వేరే ఎంత బాబూ?" అన్నారు. ఆకుకి డబ్బు తీసుకున్నా ఎవరికీ తెలియదు. నోరు తెరిచేసరికి మాత్రం, "దాని కింద నా తప్పుందండి" అని వచ్చేసింది. అంతా చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "అయితే మూడొందలు తగ్గించు" అన్నారు. (ఆవిడదీ తణుకే.)

ఇక లెక్క. ఆనక కొనక తప్పని కాగితం చుట్ట ఎనిమిది వందల యాభై, అక్క కూలి ఆరు వందలు, పెట్రోలు రెండు వందలు, టీచరమ్మగారికి తగ్గించింది మూడు వందలు. వెరసి పంతొమ్మిది వందల యాభై. అందులో నేను గెలిచిన ఎనిమిది వందలు తీసేస్తే, నికరంగా పోయింది పదకొండు వందల యాభై. ఇది కాక, ఆ శనివారం తర్వాత కొట్లో గుడ్డ కొలిచేటప్పుడు నా చేతులు లాగడం మానేశాయి. మీటరుకి వేలెడు చొప్పున ఇన్నేళ్ళలో ఎంత పోయిందో నేను కూడలేదు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని మా నాన్న ఇంకా కూడుతున్నాడు.