పంజరంలో సవతులు

మా అక్కకు అసూయ పుట్టుకతోనే వచ్చింది. నేను పుట్టినప్పుడు అమ్మ నన్ను ఉయ్యాల్లో వేస్తే, అప్పటికే బడికెళ్ళే పిల్ల అయిన అక్క నన్ను తీసి చాప మీద పడుకోబెట్టి, తనే ఉయ్యాలెక్కి కూర్చుందట. దింపబోతే ఏడుపు. ఆ ఏడుపుకు ఎదురింటి గోడ గడియారం ఆగిపోయిందని, ఇప్పటికీ అది అదే టైము చూపిస్తోందని మా నాన్న చెప్పేవాడు. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. నేను చదువు మధ్యలో మానేసినవాణ్ణి. అబద్ధాలాడటానికి కావలసినంత చదువు నాకు అబ్బలేదు.

పెద్దయ్యాక అక్క సీసాల ఫ్యాక్టరీ క్యాంటీన్లో చేరింది. బంగాళాదుంపల చెక్కు తీసే పనిలో చేరి, పెద్ద పొయ్యి దాకా ఎదిగింది. ఆమె గరిట తిప్పుతుంటే నదిలో తెడ్డు వేస్తున్నట్టు ఉంటుంది. ఫ్యాక్టరీలో అందరూ ఆమెను క్యాంటీనక్క అంటారు. ఒకసారి కార్మికులు సమ్మె కట్టి గేటు బయట కూర్చున్నారు. లోపల మా అక్క చిక్కుళ్ళ కూర దించి మూత తీసింది. అంతే, నినాదం సగంలో ఉండగానే జనం లేచి లోపలికి వచ్చేశారు. వాళ్ళ నాయకుడైతే జెండా కర్ర చేత్తో పట్టుకునే రెండోసారి వడ్డించమని నిలబడ్డాడట. నేను కళ్ళారా చూడలేదు గానీ, చూసినవాడికంటే బాగా చెప్పగలను.

అంత పేరున్నా అసూయ తగ్గలేదు. ఓ రోజు ఎవరో తిన్నాక చెయ్యి కడుక్కుంటూ, "ఈవేళ సూప్ అదిరిందక్కా" అన్నారు. ఆ సూప్ చేసింది అక్క కాదు, ఆమె కింద పనిచేసే ఆవిడ. మర్నాటి నుంచి ఆ క్యాంటీన్లో సూప్ అన్న మాట వినబడలేదు.

ఇక మా బావ. సోఫాలు, కుర్చీలు బాగుచేస్తాడు. ఇంటి ముందు గదే ఆయన వర్క్‌షాపు. స్పాంజి ముక్కలు, రెగ్జిన్ చుట్టలు, తుప్పుపట్టిన స్ప్రింగులు, వాటి మధ్య ఎక్కడో మా బావ. సోఫా పని చేసేవాళ్ళు చిన్న మేకుల్ని పెదవుల మధ్య పెట్టుకుంటారు. ఒక చేత్తో గుడ్డ లాగి పట్టుకుని, నోట్లోంచి ఒక్కో మేకూ తీసి కొట్టుకుంటూ పోతారు. అందుకని బావ భాషలో మాటలు రెండే. ఊఁ, ఊఁహుఁ. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన మేకులతోనే కూర్చున్నాడని నేను చెబుతుంటాను. అక్క కొట్టడానికి వస్తుంది గానీ, కాదని మాత్రం అనదు.

ఆ మేకులు బయటికి వచ్చేది ఒక్క సందర్భంలోనే. సాయంత్రం అక్క క్యాంటీన్ నుంచి క్యారియర్ తెచ్చి మూత తీస్తే, బావ మేకులన్నీ చేతిలోకి ఊసి, సాసర్లో పోసి, తినడానికి కూర్చునేవాడు. పొగడడు. నవ్వడు. గిన్నె తుడిచేస్తాడు. అక్కకు అదే కిరీటం. ఎదురు వీధి టైలరమ్మ గుడ్డ కొలత కోసం వచ్చి రెండు నిమిషాలు ఎక్కువ నిలబడితే, ఆ సాయంత్రం కూరలో ఉప్పు ఉండేది కాదు. బావ ఆ ఉప్పులేని కూరనూ తుడిచేసేవాడు. దాంతో అక్క మనసు కుదుటపడేది.

ఇట్లా సాగుతున్న సంసారంలోకి రెండు ఎలుకలొచ్చాయి.

సోఫా పనివాడికి ఎలుక అంటే పగ. మా బావ తన జీవితంలో చీల్చిన సోఫాల్లో సగం వాటి కాపురాలే. అలాంటివాడి దగ్గరికి కళ్ళజోళ్ళ షాపాయన ఒక సోఫా తెచ్చి, దాంతోపాటు పంజరం కూడా దించాడు. "పిల్లలు ముచ్చటపడి పెంచారు, ఇప్పుడు చూడటం లేదు. సోఫా తీసుకెళ్ళేటప్పుడు వీటినీ తీసుకెళ్తా" అన్నాడు. సోఫా తీసుకెళ్ళాడు. పంజరం సంగతి మరిచిపోయాడు. అందులో తెల్లగా, లావుగా ఉన్నది దొరసాని. నల్లగా, పుల్లలా ఉన్నది బొగ్గు. రెండూ ఆడవే.

మొదట బావ వాటికి బిస్కెట్లు, చిప్స్ వేసేవాడు. అవి తప్ప ఆ ఎలుకలు ఇంకేమీ ఎరగవు మరి. కొన్నాళ్ళకు దొరసాని కుర్చీ దిండులా ఊరింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. బావ దాన్ని స్పాంజి పరిచిన డబ్బాలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. తోడు నేనూ వెళ్ళాను.

"చిప్స్, బిస్కెట్లు ఇవాళ్టితో బంద్" అంది డాక్టరమ్మ. "తాజా ఆకుకూరలు, కారెట్, గుమ్మడి, పచ్చిబఠాణీ. ఉడికించిన పప్పుగింజలు, కాస్త ముడిధాన్యం. ఉప్పు, నూనె, కారం తగలకూడదు. అన్నీ ఏ రోజువి ఆ రోజే, కడిగి పెట్టాలి."

"తినవండీ. నిన్న కారెట్ వేస్తే దాని మీదెక్కి పడుకుంది" అన్నాను నేను.

"కొత్త తిండంటే ఎలుకలకు భయం. తోటి ఎలుక మూతి వాసన చూసి, ఓహో ఇది తిని బతికే ఉందే అని ధైర్యం తెచ్చుకుని తింటాయి."

"ఆ రెండోదీ తినదు కదా. ఇప్పుడు మూడో ఎలుకను ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?"

డాక్టరమ్మ నవ్వింది. "మీ బావగారు తిని మూతి చూపించమనండి. ఏమో, నమ్ముతాయేమో."

ఆవిడ సరదాకు అంది. మా బావకు సరదా అంటే ఏమిటో తెలియదు.

సరిగ్గా అక్కడ మొదలైంది అక్క కష్టం. సాయంత్రాలు క్యారియర్ విప్పితే బావ, "ఆకలి లేదే" అనేవాడు. మేకులు తీసి మరీ అనేవాడు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. ఆ క్యారియర్ నా వైపు జరిగేది. నాకేం, సుఖంగానే ఉంది. అక్కకు మాత్రం గొంతులో ముల్లు.

"ఒరేయ్, ఈయన ఎక్కడో తింటున్నాడురా. చొక్కాకు పచ్చి కొత్తిమీర వాసనొస్తోంది. ఆ టైలరమ్మ కొత్తిమీర ఎక్కువ వాడుతుందా?"

"నాకేం తెలుసక్కా, నాకామె ఎప్పుడూ పెట్టలేదు."

"పెట్టదు. నీ మొహానికి ఎవరు పెడతారు?"

ఓ మధ్యాహ్నం అక్క పొయ్యి వేరేవాళ్ళకు అప్పగించి, చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చింది. దొంగను పట్టుకుందాం పదమని దారిలో నన్నూ లాక్కొచ్చింది. చెప్పులు వీధిలోనే విప్పి, పిల్లిలా తలుపు తోసింది.

లోపల టైలరమ్మ లేదు. బావ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, రెగ్జిన్ కోసే పెద్ద కత్తెరతో తోటకూర, కొత్తిమీర కత్తిరిస్తున్నాడు. పక్కన గిన్నెలో ఉడికిన శనగలు. ఒక్కో శనగా వేళ్ళతో నొక్కి చూసి, మెత్తగా ఉంటేనే పళ్ళెంలో వేస్తున్నాడు. మేకులు సాసర్లో ఉన్నాయి. ఒక కారెట్ ముక్క కరకరా నమిలి మింగి, పంజరం తలుపు తీసి మూతి ముందుకు పెట్టాడు. దొరసాని నిలబడి, ముందుకాళ్ళు ఆయన గడ్డానికి ఆనించి, మీసం మొదలు పెదవి చివరి దాకా వాసన చూసింది. చూసి, పళ్ళెంలోంచి కారెట్ తీసుకుంది.

"మా తల్లే, మా బంగారే. బొగ్గూ, నువ్వు కూడా రా అమ్మా" అన్నాడు బావ.

నేను నవ్వు ఆపుకోలేక స్పాంజి ముక్కలో మొహం దూర్చేశాను. అక్క నవ్వలేదు. ఆమె మొహం మాడిన గిన్నె అడుగులా అయింది.

"బంగారమా? నన్నెప్పుడైనా ఇత్తడి అని అయినా అన్నావటయ్యా?"

బావ ఉలిక్కిపడి చెయ్యి సాసర్ మీదికి పోనిచ్చాడు. అక్క సాసర్ లాగేసింది.

"నాకు జ్వరమొస్తే బన్ను తెచ్చి పక్కన పడేశావు. ఈ సవతులకు శనగలు నొక్కి చూస్తున్నావా?"

"పాపం దొరసానికి ఆయాసమే. ఇప్పుడు చూడు, ఎంత తగ్గిందో."

"నాకూ ఆయాసమే. పొద్దున్నుంచీ పొయ్యి ముందు నిలబడితే నాకు రాదా?"

టైలరమ్మ అయితే అక్క తేల్చుకునేది. ఎలుకలతో ఎలా పోట్లాడాలో ఆమెకు తెలియలేదు. చివరికి తనకు తెలిసిన ఆయుధమే పట్టింది. మర్నాడు, అప్పట్లో సమ్మె విరిచిన ఆ చిక్కుళ్ళ కూరే వండి, క్యారియర్లో వేడిగా తెచ్చి, బావ వీధిలోకి వెళ్ళినప్పుడు పంజరంలో పెట్టింది. ఒక్కసారి నా చేతి రుచి తగిలితే అవి ఆయన ఆకులు ముట్టుకుంటాయా అని ఆమె లెక్క.

దొరసాని వచ్చి వాసన చూసింది. బొగ్గును పిలిచినట్టు వెనక్కి తిరిగింది. రెండూ కలిసి పంజరంలోని కాగితం ముక్కలన్నీ మూతులతో తోసుకొచ్చి, ఆ కూర మీద కుప్పగా పోశాయి. కూర కనబడకుండా పోయేదాకా పోశాయి.

"పూడ్చిపెట్టాయిరా" అంది అక్క నెమ్మదిగా. "నా కూరను పూడ్చిపెట్టాయి."

ఆ వారమంతా అక్క ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. సెలవు రోజు వచ్చింది. బావ పంజరం దగ్గర కూర్చుని గుమ్మడి కోస్తున్నాడు. అక్క బట్టల సంచి సర్దుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"నేను తమ్ముడింటికి పోతున్నా. ఈ ఇంట్లో నేను వండేది తినేవాడు లేడు. అవి ఉంటే నేనుండను. ఏదో ఒకటి చెప్పు."

నాకున్నది ఒక్క గది. అందులో సగం నా గొప్పలకే సరిపోదు.

"ఇప్పుడు వాటిని ఎక్కడ వదలనే?" అన్నాడు బావ.

"అంటే నన్ను వదులుతావన్నమాట."

"నువ్వు వాటితో పోల్చుకుంటావేంటే! ఒక్కసారి నీ చేత్తో పెట్టి చూడు. నీ దగ్గరికీ వస్తాయి."

"నా చేత్తోనా? నా కూరే పూడ్చిన ముండలు!"

అన్నది గానీ, రోషం ఊరుకోనివ్వలేదు. సంచి కింద పెట్టి, బావ చేతిలో పళ్ళెం లాక్కుంది. ఆయన కోసిందే, ఆయన ఉడికించిందే. గుమ్మడి ముక్క వేళ్ళతో పట్టుకుని పంజరంలోకి చెయ్యి పెట్టింది. బొగ్గు చకచకా ఆమె మోచేతి మీదుగా భుజం ఎక్కింది. అది ఆమె పెదవుల దగ్గర ముక్కు పెట్టి, ఇటూ అటూ వాసన చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత వచ్చిన దారినే దిగి, పంజరంలో మూలకెళ్ళి కూర్చుంది.

"చూశావా?" అంది అక్క. "వీటికి కూడా నేను పనికిరాను."

బావ ఎలుకను కాదు, అక్క మొహాన్ని చూస్తున్నాడు.

"దానికి నీ నోటి దగ్గర ఏ వాసనా తగల్లేదే. పొద్దున్నుంచీ ఏం తిన్నావు?"

"తిన్నాలే."

"ఏం తిన్నావు?"

"టీ."

"అంతకుముందు?"

"టీయే. వండినవాళ్ళకు ఆకలేస్తుందా? ఆ ఆవిరికే కడుపు నిండిపోతుంది. ఇప్పుడీ ఆరాలెందుకయ్యా?"

"క్యాంటీన్లో?"

"అందరూ తిన్నాక ఏదైనా ఉంటే, మూతలో వేసుకుని నిలబడి నాలుగు మెతుకులు తింటా. లేకపోతే లేదు."

బావ లేచి వంటగదిలోకి వెళ్ళాడు. గిన్నెలు కదిలిన చప్పుడైంది. కాసేపటికి తల బయటపెట్టి అడిగాడు.

"నీ కంచం ఏదే?"

ఆ ఇంట్లో బావకో కంచం ఉంది, వచ్చిపోయే నాకో కంచం ఉంది. ఆమెకు లేదు. ఎప్పుడూ లేదు.

బావ తన కంచమే కడుక్కుని వచ్చాడు. ఎలుకల కోసం ఉడికించిన శనగలు, గుమ్మడి, పచ్చి తోటకూర, కాస్త అన్నం అందులో పెట్టాడు. అక్కను పట్టుకుని, బాగుచేసి అప్పగించడానికి సిద్ధంగా ఉన్న ఎవరిదో సోఫాలో కూర్చోబెట్టాడు. ఆమె ముందు తను నేల మీద కూర్చున్నాడు.

"తిను."

"ఇదా కోయడం? ఎలుక కొరికినట్టుంది."

"తినవే."

"శనగల్లో ఉప్పేది?"

"వేయకూడదుగా."

"నేను ఎలుకనా?"

అంటూనే ఒక శనగ నోట్లో వేసుకుంది. తర్వాత ఇంకోటి. తల వంచుకుని, గబగబా, సమ్మె నాయకుడు తిన్నట్టే తింది. ఇన్నాళ్ళూ ఎంత ఆకలి దాచుకుందో ఆ కంచానికి తెలిసింది. బావ ఒక్కో ముద్దనూ లెక్కపెడుతున్నట్టు చూస్తూ కూర్చున్నాడు. నేను మొదటిసారి నోరు మూసుకున్నాను. అందుకు ఒక్క సాక్షి కూడా లేకపోవడం నా దురదృష్టం.

పంజరం తలుపు తీసే ఉంది. బొగ్గు సోఫా అంచు పట్టుకుని పైకి పాకింది. అక్క మూతి వాసన చూసింది. ఈసారి ఆగి, ఆమె వేళ్ళ మధ్య ఉన్న తోటకూర కాడ లాక్కుని, ఒళ్ళోనే కూర్చుని తినడం మొదలుపెట్టింది. దాన్ని చూసి దొరసాని కూడా వచ్చింది. బావ, "రా బంగారూ" అని చెయ్యి చాపాడు. దొరసాని ఆయన చేతిని తొక్కుకుంటూ పోయి అక్క మెడ దగ్గర ఒదిగింది.

బావ మొహం చిన్నబోయింది.

"అది రోజూ నా దగ్గరే కూర్చుంటుంది" అన్నాడు.

"కూర్చునేది. నిన్నటిదాకా" అంది అక్క.

"నేను పెంచాను దాన్ని."

"నేనొద్దన్నానా?"

"ఇటివ్వు, నీకు బరువు."

"నాకేం బరువు లేదు."

బావ చేతులు కట్టుకుని పక్కకు తిరిగాడు. అసూయ అంటే ఎలా ఉంటుందో ఆ మనిషికి అప్పుడే తెలిసినట్టుంది. చెవులు ఎర్రబడ్డాయి. అక్క అది చూసింది. చూసి, దొరసాని వీపు ఇంకాస్త నెమ్మదిగా, ఇంకాస్త ఎక్కువసేపు నిమిరింది. తర్వాత ఖాళీ కంచం ముందుకు చాపి, క్యాంటీన్లో కార్మికులు తనని కేకేసినట్టే కేకేసింది.

"ఏమయ్యా, ఇంకాస్త వడ్డించు!"

బావ మూతి ముడుచుకునే లేచి వెళ్ళి, వడ్డించాడు. గరిట కంచంలోనే పడింది గానీ, చూపు మాత్రం దొరసాని మీదే ఉంది.