నాయన గీసిన చెరువు

పుంగనూరు పక్కన మా ఊరి చెరువు చాలా ఏళ్ళ తర్వాత నిండింది. ఊరంతా సంబరపడింది గానీ, నాకెందుకో ఆ నీళ్ళ వైపు చూడబుద్ధయ్యేది కాదు. మొన్నటిదాకా టమేటా కాసిన నేల అది. ఎండిన చెరువులో మా ఊరివాళ్ళు పంట పెట్టడం, బావి తవ్వుకోవడం, ఏటా ఎండాకాలం కూసాలు, అంటే కంచె రాళ్ళు, కొంచెం కొంచెం చెరువు లోపలికి జరిపి ముళ్ళకంచె కట్టుకోవడం మామూలే, పైకి మాత్రం ఎవరూ ఒప్పుకోరు. ఇప్పుడవన్నీ నీళ్ళ కింద ఉన్నాయి.

బెంగళూరులో పనిచేసే మా అన్న గాలి నింపే రబ్బరు పడవ కొనుక్కొచ్చాడు. సరదా పడితే ఆపినా ఆగే రకమా! ఈత మా ఇద్దరికీ రాదు. ఉన్న ఒక్క లైఫ్ జాకెట్ నాకే తొడిగాడు.

నీళ్ళ కింద ఎక్కడ ఏముందో తెలియాలని నాయన క్యాలెండర్ కాగితం వెనక చెరువు బొమ్మ గీసిచ్చాడు. బావులకు సున్నాలు, కంచెలకు గీతలు. అన్న ఫోన్‌లో ఉపగ్రహం తీసిన ఫోటో ఉంది, చెరువు ఎండినప్పటిది.

"ఈడేదో సన్నగీత కనబడతాండాది సూడు, మన చేను కాణ్ణించి లోపలికి," అన్నాడు అన్న.

కాగితంలో అది లేదు. "ఫోన్‌కేం తెలుసు? మన చేను సంగతి నాయనకు తెలీకుండా పోతాదా? బండిదారి అయ్యుంటాది," అన్నాను. నాకు నోరెక్కువ. అన్న ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఒడ్డున ఊరోళ్ళంతా చేరారు. పడవ తోస్తుంటే నాయన, "ఎడంపక్కకు పోవద్దప్పా," అన్నాడు.

"యాల నాయనా?" అన్నాను.

చుట్టూ ఉన్న మొహాలు చూసి, "ఊరికే," అన్నాడు.

గాలి మమ్మల్ని ఎడమకే తోసింది. కాగితం ప్రకారం అక్కడ ఏమీ లేదు. అయినా కింద ఏదో రబ్బరును గీరుతున్న చప్పుడు. ఒడ్డు మీద నాయన చెయ్యెత్తాడు, నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు. నా కళ్ళారా చూశాను. అంతలో పడవ బుస్సుమంది.

జాకెట్ ఉంది కాబట్టి నేను తేలాను. అన్న కాలు ముళ్ళకంచెలో చిక్కింది. గడ్డం దాకా నీళ్ళు. "సచ్చిపోతానమ్మా!" అని అరుస్తున్నాడు.

అప్పుడు దిగాడు నాయన. ఈత ఆయనకూ రాదు. నీళ్ళలో చెయ్యి పెట్టి ఒక కూసం పట్టుకున్నాడు, అది వదిలి ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. ఎక్కడా తడుముకోలేదు. అలా అన్న దగ్గరికి చేరి, చేత్తోనే ముళ్ళతీగ లాగి కాలు విడిపించాడు. మా కూసాల వరుస చెరువులోకి ఎంత దూరం వచ్చిందో ఊరంతా ఒడ్డున నిలబడి చూసింది.

అన్న కాలికి మదనపల్లెలో కుట్లు వేయించి తీసుకొచ్చాం. కాగితం ప్లాస్టిక్ కవర్లో ఉంది కాబట్టి తడవలేదు. మర్నాడు నాయన దాన్ని ముందేసుకుని, చీరుకుపోయిన చేత్తోనే మా కంచె గీత గీశాడు. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

"ఇంకేమన్నా ఉండాయా నాయనా, నువ్వు గీయనివి?"

చెరువు కట్ట మీద నుంచి నీళ్ళలోకి దూకుతున్న పిల్లల కేకలు ఇంట్లోకి వినిపిస్తున్నాయి. నాయన పెన్ను మళ్ళీ కాగితం మీద ఆనించి, సరిగ్గా ఆ కట్ట కిందే ఒక సున్నా చుట్టాడు.