నాకంటే ముందు వెళ్ళినామె

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. కామాటిపురలో పుట్టి పెరిగినదాన్ని. రాళ్ళు మోసే పనికి మా తాత పాలమూరు నుంచి ఇక్కడికి వచ్చాడు. మా చాల్‌లో అన్నీ వరుసగా కట్టిన ఒంటిగది ఇళ్ళే, ఒక్కో గదిలో ఎంతమంది పుట్టారో ఇంచుమించు అంతమంది పోయారు. పోయినవాళ్ళు తిరిగొచ్చేదే నిజమైతే మాకు నిలబడటానికి చోటుండేది కాదు.

నేను ఇక్కడే ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే దవాఖానాలో మేనేజర్ని. చేరినప్పుడు నా జుట్టు నల్లగా ఉండేది. డాక్టర్లు మారారు, నర్సులు మారారు, నేను మాత్రం అక్కడే ఉన్నాను. మందులు తెప్పించడం, వరుసలో తగాదాలు తీర్చడం నా పని. టీబీ మందులు మధ్యలో మానేసినవాళ్ళను వెతికి తీసుకురావడం కూడా నేనే చూస్తాను. ఆ పని ఎవరూ అప్పగించలేదు, నేనే నెత్తికెత్తుకున్నాను.

బాలమణి మహబూబ్‌నగర్ వైపు పిల్ల. భర్తతో కలిసి బిల్డింగు పనులకు వచ్చింది. టీబీ అని తేలాక మందులు మొదలుపెట్టాం. కొన్ని వారాల్లోనే దగ్గు తగ్గి ముఖంలో కళ వచ్చింది. అంతలో జబ్బు సంగతి చుట్టుపక్కల పొక్కింది. ఇంటామె గది ఖాళీ చెయ్యమంది. ఆలుమగలిద్దరూ చెప్పకుండా ఎటో వెళ్ళిపోయారు. ఫోన్ చేస్తే స్విచాఫ్.

ఆ మందులు సగంలో ఆపితే జబ్బు మొండికేస్తుంది. తర్వాత అవే మందులు పనిచెయ్యకపోవచ్చు. ఇంత పెద్ద ఊళ్ళో ఎక్కడని వెతుకుతారు అన్నారు డాక్టరుగారు. దొరికేదాకా వెతుకుతాను అన్నాను.

కూలీలు నిలబడే అడ్డాల దగ్గరికి పొద్దున్నే వెళ్ళి అడిగేదాన్ని. చివరికి నాగ్‌పాడాలో ఒక మేస్త్రీ చెప్పాడు, ధారావిలో కుమ్మరి బట్టీల వెనక మనవాళ్ళు కొందరున్నారు, అక్కడ చూడమని.

మర్నాడు దవాఖానాలో పిల్లలకు టీకాలు. తలుపు తెరిచినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా నేను బల్ల దగ్గర నుంచి లేవలేదు. డాక్టరు, నర్సు, వరుసలోని తల్లులు అందరూ చూశారు. బయట ఎండ కాస్తోంది. పని అయిపోగానే అన్నం కూడా తినకుండా బస్సెక్కాను. దారిలో వాన అందుకుంది. ధారావిలో దిగి నాలుగడుగులు వేసేసరికి గొడుగు తిరగబడింది, చీర తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

సందు మొదట్లో కిరాణా కొట్టాయనను బాలమణి గురించి అడిగాను. పొద్దున్నే చెప్పాను కదా బాయీ, మళ్ళీ ఏమిటి అని హిందీలో విసుక్కున్నాడు. ఎవరినో చూసి నేననుకున్నాడులే అని ముందుకు నడిచాను.

లోపల నల్లా దగ్గర ఒక తెలుగు ముసలమ్మ బిందెతో నిలబడి ఉంది. నేను నోరు తెరవకముందే నన్ను చూసి, "మల్ల వస్తివా బిడ్డా? తొవ్వ మర్సినవా? గా నిచ్చెన ఎక్కి మీదికి పో. బాలమణి ఆడనే ఉన్నది" అంది.

ఆ పేరు నేను ఆమెకు చెప్పలేదు. ఆ సందులో అంతకుముందు నేను కాలు పెట్టలేదు. అయినా అంతదూరం వచ్చి వెనక్కి తిరిగే ఉద్దేశం లేదు. నిచ్చెన ఎక్కాను.

బాలమణి గడప దగ్గర కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది, జ్వరంతో కళ్ళు ఎర్రబడ్డాయి. పక్కన సర్దిపెట్టిన సంచీ.

"వచ్చినవా అక్కా? తయారుగనే ఉన్న" అంది.

"నేనొస్తనని నీకెవరు చెప్పిన్రు?"

"నువ్వే గదా! పొద్దుగాల వచ్చినవ్. నిండ తడిసిపోయి ఉంటివి. గీ తువ్వాలిస్తే తుడుసుకున్నవ్. సంచి సదురుకో, దోపర్ల వచ్చి తోల్కపోత అంటివి."

దండెం మీది తువ్వాలు చూపించింది. ముట్టుకుంటే తడిగా ఉంది. కప్పు కారిందేమో అని పైకి చూశాను. కారలేదు, కింద నేల కూడా పొడిగానే ఉంది. పొద్దున ఊళ్ళో చుక్క వాన పడలేదు.

ఎవరొచ్చారో తర్వాత తేల్చుకోవచ్చు, ముందు ఈ పిల్లను దవాఖానాకు చేర్చాలి అనుకున్నాను. "లెవ్, నడువ్. మందులు బంద్ చేస్తే పానం పోతది, సమజైందా?" అని గద్దించాను. లేచింది. పనికి వెళ్ళిన మొగుడికి చెప్పమని ముసలమ్మను పురమాయించి, టాక్సీ మాట్లాడి తీసుకొచ్చాను.

మళ్ళీ మందులు మొదలుపెట్టాం. మా చుట్టాలను ఒప్పించి మా చాల్‌లోనే గది ఇప్పించాను. జబ్బు మాట ఎత్తేవాళ్ళు ముందు నాతో మాట్లాడాలని గట్టిగా చెప్పాను. ఎవరూ మాట్లాడలేదు. బాలమణి ఒక్క రోజు కూడా మానకుండా మందులు పూర్తి చేసింది. ఇప్పుడు ఇక్కడే సంచులు కుట్టే కార్ఖానాలో పనిచేస్తోంది.

ఆ పొద్దున సంగతి కూడా నేను వదల్లేదు. ధారావిలో తిరిగే మిగతా సంస్థల వాళ్ళను అడిగాను. ఆ రోజు వాళ్ళెవరూ ఆ సందుకు పోలేదు, పైగా వాళ్ళలో తెలుగు వచ్చినవాళ్ళే లేరు. నాకు అక్కచెల్లెళ్ళు లేరు. జ్వరంలో బాలమణి ఏదో ఊహించుకుందిలే అనుకుందామంటే, కొట్టాయనకూ ముసలమ్మకూ జ్వరం లేదు కదా.

మందులు పూర్తయిన రోజు బాలమణినే అడిగాను, ఆ పొద్దున వచ్చినామె ఇంకేమన్నదని. నేను పరాచికాలాడుతున్నాననుకుని మొదట నవ్వింది. తర్వాత చెప్పింది.

"ఇంకేం అనలే అక్కా. నా చెయ్యి పట్టుకొని శానసేపు ఏడ్సినవ్. గందుకే నేనొచ్చిన. ఉత్తగ తిడితె రాకపోదును."

ఇన్నేళ్ళలో నేను ఏ పేషెంటు ముందూ కంటతడి పెట్టలేదు. ఆ పొద్దున బల్ల దగ్గర కూర్చుని పిల్లలను వరుసలో పంపిస్తున్నాను. బాలమణి చెయ్యి పట్టుకుని ఏడ్చిన ఆ మనిషి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.