ఉప్పు ఇష్టమైన పైపు

హసన్‌పర్తిలో ఎల్లస్వామి తాత లేవగానే మొహం కడుక్కోడు. ముందు చెంబెడు ఉప్పునీళ్లు పట్టుకుని గోడ వెనక్కి పోతాడు. కూలరు ఎర్తు వైరును అక్కడ భూమిలో పాతిన ఇనుప పైపుకు కట్టాడు. ఎండలకు ఆ మట్టి ఆరిపోతే కూలరు షాకు కొడుతుంది. నిరుడు భార్య పూలమ్మ అవ్వకు కొడితే, వారం రోజులు ఆమె కూలరుతోనూ మాట్లాడలేదు, దాన్ని బిగించిన తాతతోనూ మాట్లాడలేదు. అందుకే రోజూ పైపులో నీళ్లు పోసి, కళ్లు మూసుకుని, వంగి, అవి దిగే చప్పుడు విన్నాకే చాయ్ తాగుతాడు.

ఈ వేసవిలో ఆపరేషనై నాలుగు రోజులు దవాఖానలో ఉన్నాడు. కుట్ల నొప్పికన్నా పైపు ఫికరే ఎక్కువైంది. ఇంటి ముందు ఆటో దిగాడో లేదో, అవ్వ కూలరు వేసేలోపే చేరాలని, పొట్ట పట్టుకుని గోడ వెనక్కి ఉరికాడు. పైపుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. చుట్టూ తడి. పక్కింటి ప్రేమలత కొబ్బరికాయ కొడుతోంది.

"నువ్వు లేకపోతివని వాడకట్టు ఆడోళ్లమంతా వంతులేసుకొని నీళ్లు పోసినం బాపూ. రోజూ నువ్వు మొక్కుడు చూస్తున్నం గని, ఏం దేవుడో నిన్ను అడగనే లేదు."

దేవుడు కాదని చెప్పడానికి తాత నోరు తెరిచాడు. లోపల కూలరు గర్రున తిరిగింది. అవ్వ అరుపు మాత్రం వినబడలేదు.

"ఈయనకు కొబ్బరికాయ కన్నా ఉప్పు ఇష్టం బిడ్డా" అన్నాడు తాత. "రేపటిసంది చెంబు నీళ్లల్ల జర ఉప్పు గూడ ఎయ్యిండ్రి."