సాల్మన్ పట్టుబడి, ఆదివారం

జీవరత్నానికి మరుపే లేదని ఆఫీసులో అందరూ అంటారు. ఏలూరులో చేపలు కొని పై రాష్ట్రాలకు పంపే ఒక కంపెనీలో పద్నాలుగేళ్లుగా ఆమే ప్రోగ్రాం వేస్తుంది. ఏ చెరువుకి ఏ రోజు చేపల పట్టుబడి, వల ముఠా ఎన్నింటికి దిగాలి, లారీ ఏ గట్టు మీదికి రావాలి, అన్నీ ఆమె క్యాలెండర్లోనే. కొల్లేరు పక్క చెరువుని రైతు పేరుతోనే పిలుస్తారు. మండవల్లి వైపు నీళ్లు చూసి వచ్చే వెంకట్రాజు అయితే 'చెరువు' అన్న మాట కూడా ఖర్చు పెట్టడు. "నెల్సన్ పచ్చబడ్డాడండీ", "జబ్బార్ గారికి మేత ఎక్కువైందండీ" అంటాడు. కొత్తగా చేరినవాళ్లు ఉలిక్కిపడతారు. నెల తిరిగేసరికి వాళ్లూ అలాగే మాట్లాడతారు.

ఆమె మరుపంతా ఇంటి దగ్గరే. భర్త సాల్మన్ రోజూ రైల్లో తాడేపల్లిగూడెం వెళ్లి బడిలో లెక్కలు చెప్పి వస్తాడు. ఆ పేరుతో ఒక చేప కూడా ఉందని ఆఫీసులో "మీ ఆయన్ని ఏ చెరువులో వేశారండీ?" అని ఆటపట్టిస్తుంటారు. నిరుడు ఆయన గుండెకి స్టెంటు వేశారు. మొన్న జూన్‌లో డాక్టరు దగ్గరికి తోడొస్తానని చెప్పి జీవరత్నం మర్చిపోయింది. ఆ తేదీ సొంత మెయిల్లో ఉంది, ఆమె రోజంతా చూసింది ఆఫీసు మెయిలు. ఆయన ఆస్పత్రిలో మూడు గంటలు ఒక్కడే కూర్చుని ఇంటికొచ్చి, "ఏం కాదులే రత్నం, నేను నీ చెరువుని కాదుగా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

మర్నాడే చెల్లెలి కూతురు ప్రీతిని పిలిచి రెండు మెయిళ్లూ, రెండు క్యాలెండర్లూ ఒకే యాప్‌లో కలిపించింది. "ఆఫీసుది ఒక రంగు, ఇంటిది ఒక రంగు పెట్టనా పెద్దమ్మా?" అని ప్రీతి అడిగితే, "రంగులెందుకే, అన్నీ ఒకేలా ఉంటే ఏదీ తక్కువ కాదు" అంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలు ఊరికే అనలేదు. కానీ అప్పుడామెకి ఎంత నిశ్చింతగా ఉందో!

మొదట్లో నవ్వులాటే. "సాల్మన్: నీళ్లు మార్చాలి" అని ఫోను మోగితే అది మండవల్లిలో లీజుకి చెరువు చేసే రైతు సాల్మన్. "సాల్మన్: బీపీ మాత్రలు" అంటే ఇంటాయన. మొగుడూ పెళ్లాలు చదువుకుని పడీ పడీ నవ్వేవారు.

ఆగస్టు రెండో వారం, మంగళవారం, "సాల్మన్: మేత ముట్టడం లేదు" అని వచ్చింది. వెంకట్రాజు పెట్టిందే. ఆ సాయంత్రం ఇంట్లో ఆయన వేడన్నంలో పులుసు కలుపుకుని రెండు ముద్దలకే చెయ్యి కడిగేసుకున్నాడు. సయించడం లేదన్నాడు. గురువారం "సాల్మన్: ఒంటి మీద ఎర్ర మచ్చలు". స్నానం చేసి వస్తున్న ఆయన వీపు మీద ఆమె చూసింది. నాలుగు, చింతగింజలంత. దోమలన్నాడు. ఏలూరులో పుట్టి పెరిగిన మనిషికి దోమకాటు ఎలా ఉంటుందో తెలియదా? శుక్రవారం పొద్దున "సాల్మన్: పైకొచ్చి గాలి కోసం నోరు తెరుస్తున్నాడు" అని చదివి, ఫోను అక్కడే పడేసి మేడ మెట్ల దగ్గరికి పరుగెత్తింది. బట్టలు ఆరేయడానికి పైకెళ్లిన ఆయన మెట్ల మధ్య ఆగి, గోడ పట్టుకుని, నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు.

డాక్టరు చూసి అన్నీ బాగున్నాయన్నాడు. అనుమానం పెనుభూతం అంటారు గానీ, కళ్లారా చూసినదాన్ని అనుమానం అనడానికి ఆమెకి నోరు రాలేదు.

శనివారం మధ్యాహ్నం తెర మీదికి ఇంకోటి వచ్చింది. "సాల్మన్: పట్టుబడి. రేపు తెల్లవారుజామున 5." అది వెంకట్రాజు పెట్టింది కాదు. పది రోజుల కిందట తనే రాసింది. చెరిపేసింది. మళ్లీ వచ్చింది. ఇంకోసారి చెరిపింది. మళ్లీ వచ్చింది. అప్పుడు తేదీ నొక్కి బుధవారానికి మార్చింది. ఈసారి అది మాట విన్నది. వల ముఠాకి, ఐసు ఫ్యాక్టరీకి, లారీ వాళ్లకి, రైతుకి మెయిళ్లు వాటంతట అవే వెళ్లిపోయాయి. వెళ్లాయన్న చప్పుడు వినగానే ఆమెకి ఏడుపొచ్చింది.

మండవల్లి సాల్మన్ వెంటనే ఫోను చేశాడు. "అమ్మగారూ, మబ్బు పట్టి నీళ్లలో గాలి తగ్గిందండీ. చేప ఇప్పటికే తేలుతుందండీ. నాలుగు రోజులు ఆగదండీ."

"లారీ లేదండీ" అంది. అబద్ధం.

"తమరెలా చెబితే అలాగేనండీ" అన్నాడు. అంత మెత్తగా అనకుండా ఒక్క మాట గట్టిగా తిట్టి ఉంటే ఆమె మనసు మారేదేమో. నాకైతే అలాగే అనిపిస్తుంది.

ఆదివారం తెల్లవారుజామున ఆమె భర్త గుండె మీద చెయ్యి వేసి కూర్చుంది. ఐదు దాటింది. ఆరైంది. ఆయన లేచి, గడ్డం గీసుకుని, చర్చికి వచ్చి అందరికంటే బిగ్గరగా పాట పాడాడు. మధ్యాహ్నం మారు వడ్డించమన్నాడు. వీపు మీద మచ్చలు మాయమయ్యాయి. జీవరత్నం ప్రభువుకి పైకే స్తోత్రం చెప్పింది.

సోమవారం పొద్దున ఏడింటికి వెంకట్రాజు దగ్గర నుంచి ఒక్క లైను వచ్చింది. "సాల్మన్ పోయాడండీ."

అయ్యో, చేపంతా చచ్చిపోయిందన్నమాట అనుకుని ఆమె ఫోను చేసింది. "మొత్తం పోయిందా వెంకట్రాజు గారూ? కొంతైనా మిగిలిందా?"

"చెరువు కాదండీ. మనిషండీ. చేప తేలుతుందని తెల్లారకుండానే పడవేసుకుని నీళ్లలో గాలి పెంచే మందు చల్లడానికి వెళ్లాడంటండీ. నడి చెరువులో కూలబడిపోయాడు. గట్టు మీదోళ్లు చూశారంట, ఆకాశం కేసి నోరు తెరిచి గాలికి కొట్టుకున్నాడంటండీ." తర్వాత గొంతు తగ్గించి, "వాళ్లావిడ సుందరమ్మ గారు ఇక్కడే ఉన్నారండీ. మీతో మాట్లాడతారంట" అన్నాడు.

సుందరమ్మ గొంతులో ఏడుపు లేదు. "నిన్న పట్టేసుంటే ఇయ్యాల చెరువులో చేపే ఉండదు కదండీ అమ్మగారూ. ఈయన పడవెక్కేవాడే కాదు. ఎందుకు మార్చారండీ?"

లోపల చొక్కా గుండీలు పెట్టుకుంటూ భర్త కేకేశాడు. "రత్నం, రైలుకి టైమైంది. ఎవరు ఫోన్లో?"

జీవరత్నం ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

"మా ఆయన పేరు కూడా సాల్మనేనండీ" అంది.